మనాదికి మందు యాడుండాది?

ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల కూడలి దాటి ఎటు పోయినా నాపబండలు కోసే రంపాల చప్పుడు వెంట వస్తూనే ఉంటుంది. ఆ చప్పుడులోనే బతుకు గడిపిన ఒక మామ, పల్లె క్లినిక్‌లో నర్సుగా పనిచేసే అతని అక్క కూతురు ఒక సాయంత్రం ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నారు. మామ చిన్న కొడుకు కూడా బండల పాలిష్ పనికే పోతాడు. పోయిన సంక్రాంతి నుంచి ఆ పిల్లవాడికి నిద్ర లేదు. గుండె దడదడమంటోందని అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. రెండుసార్లు ఈసీజీ తీయిస్తే గుండె బాగానే ఉందన్నారు. ముందు నరాల బలహీనత అనుకున్నారు, తర్వాత గ్యాస్ అనుకున్నారు. చివరికి వాళ్ల అవ్వ అన్న మాటే ఇంట్లో నిలిచింది: "వానికి మనాది పట్టింది."

మనసు కుంగిన మనిషి గురించి చెప్పడానికి సీమ పల్లెల్లో ఇంతకంటే దయగల మాట లేదు. మాటయితే ఉంది కానీ, ఆ మాట పట్టుకుని ఎవరి గడప తొక్కాలో చాలామందికి తెలియదు. మామకూ కోడలికీ పేచీ అక్కడే వచ్చింది. ఇద్దరి పక్షానా న్యాయముంది. అందుకే నేను నడుమ దూరకుండా ఇద్దర్నీ మాట్లాడనిస్తున్నాను.

మామ: ఇంగ ఆలోచన చేసేది లేదు పాపా. అప్పు చేసైనా సరే చిన్నోణ్ణి బెంగళూరుకు, నిమ్హాన్స్‌కు తీసుకపోతా. జరమొస్తే ఈడ చూపిస్తాం, కాలు విరిగితే పొద్దుటూరు పోతాం. ఇది తలకాయలో సంగతి. దీనికి అందరికంటే పెద్ద డాక్టరు కావాల.

కోడలు: నిమ్హాన్స్ పెద్దదే మామా, కాదన్లేదు. ఈ విద్యకు దేశంలో అదే పెద్ద దిక్కు. నేను అడిగేది ఒక్కటే. మొదటి తూరి అప్పు చేసి తీసుకపోతావు. రెండో తూరి పోయేదానికి?

మామ: రెండో తూరి ఏంటికి? పెద్ద డాక్టరంటే చూస్తానే కనిపెడతాడు, మందు రాస్తాడు.

కోడలు: ఉగాది అయినాక ఒక పెద్ద ఊళ్లో పెద్ద ఆసుపత్రికి పోయొచ్చినారు గదా. ఆడ ఏమైంది?

మామ: పొద్దున ఆరుకు చీటీ రాయించుకుంటే మద్దేనం మూడుకు పిలిచినారు. ఆయప్ప తల ఎత్తింది ఒక్క తూరే. నిద్ర పడతాదా, ఆకలి అయితాదా అన్నాడు. వీడు నోరు తెరిచేలోపల చీటీ చేతికొచ్చింది. పది రోజులు మింగినాడు. ఏం తగ్గలేదని వాడే ఆపేసినాడు. నెలకు మళ్లా రమ్మనింటే పోలేదు.

కోడలు: దిగులుకు, దడకు రోజూ వాడమని ఇచ్చే మాత్రలు శానామటుకు రెండు మూడు వారాలు పోతే గానీ పని మొదలుపెట్టవు. మొదట్లో రవ్వంత కడుపు తిప్పొచ్చు, తల బరువుగా ఉండొచ్చు. ఆ మాట ముందే చెప్పింటే వాడు పదో రోజుకు ఆపేవాడు కాదు. అనుమానమొచ్చినప్పుడు పోయి అడిగేదానికి డాక్టరు గంట దూరంలో ఉండింటే అసలు ఆపేవాడే కాదు. ఆయప్ప చదువులో లోపం లేదు మామా. నువ్వు బండకు పాలిష్ పట్టేటప్పుడు ఎన్ని తూర్లు రాయి మారుస్తావు?

మామ: బండను బట్టి. మొదట గరుకు రాయి, ఆపైన సన్నది, ఇంకా సన్నది. నీళ్లు మాత్రం ఆగకూడదు.

కోడలు: గరుకు రాయితోనే, ఒకే తూరికి నునుపు తెమ్మంటే?

మామ: బండ పాడైతాది.

కోడలు: మాటలతో చేసే వైద్యమూ అంతే. వారానికొక తూరి, ముక్కాలు గంటో గంటో కూర్చోవాల. ఆరు తూర్లకు కుదుటపడేవాళ్లు ఉండారు, ఇరవై తూర్లు పట్టేవాళ్లు ఉండారు. ఇరవై తూర్లు బెంగళూరు బస్సెక్కితే వాని కూలి పోతాది, నీ అప్పు పెరుగుతాది, నడుమలోనే మానుకుంటాడు. అందుకే నేను మళ్లీ మళ్లీ పోగలిగిన డాక్టరును వెతకమంటాండేది.

మామ: దగ్గరైతే ఇంకో తంటా ఉండాది తల్లీ. ఎర్రగుంట్లలో ఒకరింట్లో కూర ఉడకకముందే ఏం కూరో పక్క వీధికి తెలుస్తాది. పొద్దుటూరులో మనసు డాక్టరు మెట్ల మీద మనోణ్ణి ఒక్కడు చూసినా చాలు. ఫలానోని కొడుకు పిచ్చి డాక్టరు కాడికి పోయినాడంట అని పుట్టిస్తారు. రేపు వానికి పిల్లనెవరిస్తారు? వాని చెల్లెలికి సంబంధం యాడ కుదురుతాది? నేను బెంగళూరు అనేది డాక్టరు కోసమే కాదు. ఆడ మనల్ని ఎరిగినోడు ఉండడు.

కోడలు: ఈ మాటకు నాకాడ పూర్తి జవాబు లేదు మామా. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం చేసేవాళ్లు రోగి సంగతి గుట్టుగా ఉంచాల. 23వ సెక్షన్‌లో ఆ మాట రాసినారు. అది డాక్టరు నోరు కడతాది. వీధి నోరు కట్టే చట్టం లేదు.

మామ: మరి?

కోడలు: నడిమధ్య దారి చూడాల. కడప గంట ప్రయాణం. ఆడ సర్కారు ఆసుపత్రి రిమ్స్‌లో మానసిక వైద్యం ఉండాది. ఆడనే 2023 డిసెంబరులో 100 పడకల మానసిక వైద్యశాల కూడా తెరిచినారు. రిమ్స్ గేటులోకి పోయేవాడు కంటికి పోతాండాడో, పంటికి పోతాండాడో, మనసుకు పోతాండాడో ఎవరు కనుక్కుంటారు? ఆ గుంపే మనకు చాటు. డాక్టరుకు ఫీజు కట్టే పని కూడా లేదు.

మామ: గుంపంటే మళ్లా ఐదు నిమిషాలే గదా చూసేది! నీ మాటకు నువ్వే అడ్డం పడితివి.

కోడలు: అడ్డం పడినమాట నిజమే. 2015-16లో నిమ్హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో ఇండ్లకు పోయి లెక్క తీస్తే, పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మనసు జబ్బుతో ఉండారని తేలింది. మన రాష్ట్రం ఆ పన్నెండులో లేదు గానీ మనమేం వేరే మట్టితో పుట్టలేదు. అంతమంది రోగులకు, దేశంలో లక్ష మందికి ఒక మానసిక వైద్యుడు కూడా లెక్కకు రాడు. ఐదు నిమిషాలు అందుకే. అయితే మందు రాసే పని వేరే, గంట కూర్చుని వినే పని వేరే. రెండూ ఒక్క మనిషే చేయనక్కర్లేదు.

మామ: ఒక్కని కాడికి పంపేదానికే నాకు గుండె చాలడం లేదు, ఇద్దరంటావా?

కోడలు: చెప్తా విను. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మనసు వైద్యంలో పీజీ చేసినోడు. మందు రాసేది ఆయన. థైరాయిడ్ ఎక్కువైనా దడ పుడతాది, నిద్ర పోతాది. అట్లాంటివి రక్తపరీక్షలో ముందే తేల్చుకునేదీ ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయడు, మాటలతో, అభ్యాసాలతో వైద్యం చేస్తాడు. ఆయన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాల. నంబరు అడిగితే తప్పులేదు, కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మూడోవాడు కౌన్సెలరు. మంచోళ్లు ఉండారు. అయితే ఆ మాటను ఎవరుబడితే వాళ్లు బోర్డు మీద రాసుకుంటాండారు. నాలుగు రోజుల శిక్షణ చేసి, సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నోడూ కౌన్సెలరే.

మామ: నాలాంటోడు ఎట్ల పోల్చుకోవాల? బండైతే తట్టి చూస్తా. మోగే తీరును బట్టి లోపల పగులుండేదీ లేనిదీ చెప్తా.

కోడలు: డాక్టరునూ తట్టి చూడొచ్చు. ఏం చదివినారు, యాడ నమోదైనారు అని అడుగు. నిద్ర పట్టక, దడతో అల్లాడేవాళ్లను ముందు చూసినారా అని అడుగు. వారానికి ఎంతసేపు ఇస్తారు, ఎంత తీసుకుంటారు అని అడుగు. నాలుగైదు తూర్లకు మార్పు కనపడకుంటే ఏం చేస్తారని అడుగు. మంచి వైద్యుడు ఈ మాటలకు కోపపడడు. నెల తిరిగేలోపల పూర్తిగా నయం చేస్తానని మాట ఇచ్చేవాని కాడ కూర్చోవద్దు. ఏం జరుగుతాదో చెప్పకుండా వాడే మాత్రలన్నీ ఈ రోజే ఆపేయమనేవాని కాడ కూర్చోవద్దు. వీడు లోపల చెప్పుకున్న మాటను బయటికొచ్చి నీకు చెప్పేవాని కాడ అసలే వద్దు.

మామ: అదేంది? నేను తండ్రిని. నాకు చెప్పకూడదా?

కోడలు: వానికి ఇరవై ఆరేండ్లు మామా. ప్రాణానికి ముప్పుంటే తప్ప, వాడు ఒప్పుకోకుండా నీకు చెప్పకూడదు. నీకు చెప్తారని తెలిస్తే వాడు ఆడ కూడా గ్యాస్ అనే చెప్తాడు.

మామ కాసేపు మాట్లాడలేదు. అరుగు బండ మీద అరచేత్తో అటూ ఇటూ రాశాడు. అది ఆయన చేత్తో పాలిష్ పట్టిన బండే.

మామ: మాటలే మందంటాండావు. ఆ మాటలు మనకు లేవా? మన పెద్దోళ్లకు ఏ డాక్టరుండె? ఈ అరుగు మీద నలుగురు కూర్చుంటే ఎంత బాధైనా తేలికయ్యేది. నేనూ రోజూ చెప్తాండా వానికి. ధైర్నంగా ఉండరా, నీకంటే కష్టపడేటోళ్లు ఎంతమంది లేరు అని.

కోడలు: అరుగు మాట నువ్వే ఎత్తినావు కాబట్టి ఒకటి చెప్తా. ఆఫ్రికాలో జింబాబ్వే అని ఒక దేశం. ఆడ మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అందులో డిక్సన్ చిబండా అనే ఆయన 2006లో హరారే పట్నంలో 14 మంది అవ్వలను పోగు చేసినాడు. క్లినిక్ ఆవరణలో బెంచీ వేసినారు. మనసు బాగలేనోళ్లు పోయి ఒక అవ్వ పక్కన కూర్చుంటారు. దానికి ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని పేరు. ఈ జబ్బును వాళ్ల భాషలో కుఫుంగిసిసా అంటారంట, అంటే అదేపనిగా ఆలోచన చేయడం. మన అవ్వ మనాది అనలేదా, అట్ల. ఆ బెంచీ మీద కూర్చున్నోళ్లకు మామూలు వైద్యం అందినోళ్ల కంటే బాగా నెమ్మదించిందని 2016లో లెక్కలతో అచ్చేసినారు.

మామ: చూసినావా! నేను అన్నదే వాళ్లూ చేసినారు.

కోడలు: ఆ అవ్వలు ధైర్నంగా ఉండు అని చెప్పి పంపరు మామా. వాళ్లకు నేర్పించినారు. ముందు వినాల. ఉండే కష్టాల్లో ఏది ముందు తేల్చుకోవాలో వచ్చినోని నోటితోనే చెప్పించాల. దానికి చేయగలిగిన చిన్న పని ఒకటి వాణ్ణే ఎంచుకోనియ్యాల. తమ చేతిలో లేదనిపిస్తే పెద్ద డాక్టరు కాడికి పంపాల. మన అరుగు మీద వినేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఎక్కువ. నీకంటే కష్టపడేటోళ్లు ఉండారు అని నువ్వు అంటే వానికి ఎట్ల వినపడతాదో తెలుసా? నీ బాధ ఒక బాధ కాదు పోరా అన్నట్టు.

మామ: నేను అట్ల అనుకోని అనలేదు.

కోడలు: తెలుసు. వానికీ తెలిసే ఉంటాది. తెలిసినా బాధ బాధే గదా.

మామ: ఆఫ్రికా సంగతి సరే. మన కాడ యాడన్నా ఇట్లాంటిది చేసినారా?

కోడలు: పక్కన బళ్లారిలోనే 1980ల్లో నిమ్హాన్స్ వాళ్లు చేసినారు. మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టర్లకు, సిబ్బందికి ఈ వైద్యం నేర్పించి, పల్లెలోనే మందు అందేటట్టు చూసినారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దాన్ని చూసే పెట్టినారు. తర్వాత పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి ఇంటింటికీ పంపినారు. నిద్ర పడతాదా, బతుకు మీద ఆశ ఉండాదా అని అడగడం, తేడా కనిపిస్తే ఆరోగ్య కేంద్రం డాక్టరు కాడికి పంపడం వాళ్ల పని. జబ్బు లక్షణాలు కనపడినోళ్లలో అంతకుముందు నూటికి ఒకరు కూడా వైద్యానికి పోయేవాళ్లు కాదు. ఆ తర్వాత పన్నెండు మంది దాకా పోయినారు.

మామ: నూటికి పన్నెండేనా? మిగతా ఎనభై ఎనిమిది మంది?

కోడలు: వాళ్లు ఇంట్లోనే ఉండిపోయినారు. మన చిన్నోని మాదిరి.

మామ: మీ అత్త వానికి తాయెత్తు కట్టించింది. ఆసుపత్రికి పంపితే కట్టేసి కరెంటు పెడతారని ఆమె భయం.

కోడలు: తాయెత్తు ఉండనీ. దేవుని కాడికి పోయొస్తే అత్తకైనా నిద్ర పడతాది, ఇంటికి ఆ నిద్ర కూడా కావాల. తాయెత్తు ఉండాది గదా అని మాత్ర ఆపొద్దు, అంతే. ఇంగ కట్టేసే మాట. తమిళనాడులో ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉండినందుకు పారిపోలేక 28 మంది కాలిపోయినారు. అది ఆసుపత్రి కాదు, దర్గా చుట్టూ ప్రైవేటు వాళ్లు నడిపిన పాక. 2017 చట్టం మనిషిని గొలుసుతో కట్టడాన్నే నిషేధించింది. మత్తు ఇయ్యకుండా కరెంటు వైద్యం చేయడాన్నీ నిషేధించింది. నిద్ర పట్టని పిల్లోనికి ఎవరూ కరెంటు పెట్టరని అత్తకు నేను చెప్తా.

మామ: అసలు గడప దాటి పోయేదానికే వాడు ఒప్పుకోకుంటే?

కోడలు: ఫోను ఉండాది. 14416. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న సర్కారు మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలరు వింటాడు, అవసరమైతే పైన ఉండే వైద్యునికి కలుపుతాడు.

మామ: మొగమే కనపడని మనిషికి ఏం చెప్పుకుంటాడు?

కోడలు: మొగం కనపడనందుకే చెప్పుకునేవాళ్లు ఉండారు మామా. రాత్రి రెండు గంటలప్పుడు గుండె దడదడమంటే కడప రైలు రాదు, నేను రాను. ఆ పొద్దు నంబరు పలుకుతాది. అదొక్కటే చాలని నేను అనను, మొదటి మెట్టు అంటా. ఇంకో మాట. వాడు ఎప్పుడన్నా బతికి ఏం లాభం అన్నా, చావు మాట తెచ్చినా, లేని మాటలు చెవిలో వినపడతాండాయి అన్నా, దగ్గరా దూరమా, ఎవరు చూస్తారు, ఎవరు చూడరు అని లెక్కపెట్టొద్దు. ఒంటరిగా వదలొద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకపోవాల. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఈ రాత్రే తీసేయ్.

మామ: పోలీసు కేసు అంటారేమో.

కోడలు: ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉండాడనే 2017 చట్టం ఎంచుతాది. శిక్ష వేయమనదు, వైద్యం అందించమంటాది.

మామ: సరే పాపా. బెంగళూరు పక్కన పెడతా. నువ్వే తేల్చి చెప్పు. కడప రిమ్సా, పొద్దుటూరా, ఫోనా? మగ డాక్టరా, డాక్టరమ్మా? వానికి ఎవరు కుదురుతారో చెప్పు. అట్లనే చేస్తా.

కోడలు నోరు తెరిచింది. జవాబు సిద్ధంగానే ఉన్నట్టుంది. కానీ చెప్పలేదు.

కోడలు: మామా, నువ్వు వాణ్ణి అడిగినావా?

మామ: ఏమని?

కోడలు: నీకు ఎవరితో చెప్పుకోవాలని ఉండాది రా అని.

మామ: లేదు. నువ్వు?

కోడలు: నేనూ అడగలేదు. నర్సును గదా, అన్నీ నాకు తెలుసనుకున్నా. ఇంతసేపూ వాణ్ణి ముందర పెట్టుకోకుండా వానికి సంబంధం చూసినట్టు చూస్తాండాం.

అప్పటికి రంపాల చప్పుడు ఆగింది. వీధి మలుపులో పిల్లవాడు కనిపించాడు. మోకాళ్ల దాకా పాలిష్ నీళ్ల బురద తెల్లగా ఎండిపోయి ఉంది. రోజూ అయితే "కాళ్లు కడుక్కోని పోయి అన్నం తిను" అంటాడు మామ. ఆ రోజు అనలేదు. కొంచెం జరిగి పక్కన చోటు చేశాడు. కోడలు మంచినీళ్ల కోసమని లేచి లోపలికి పోయింది. ఆ వంకతో వాళ్లిద్దరినీ వదిలిపెట్టిందని మామకు తెలుసు.

"రాత్రి నిద్ర పట్టనప్పుడు ఏం తలపుకొస్తాది నాయనా?"

పిల్లవాడు తండ్రి మొహం వైపు చూసి, తల దించుకుని కాలి మీది బురద పెచ్చులు గోటితో తీస్తూ కూర్చున్నాడు. ధైర్యం చెప్పే మాట మామ నాలుక చివరి దాకా వచ్చింది. మింగాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

"నీకు చెప్పలేను నాయనా," అన్నాడు కొడుకు చివరికి. "మన ఊరోళ్లకు కూడా చెప్పలేను."

"నాకు వద్దులే. ఎవరికి చెప్తావో వాళ్ల కాడికి పోదాం. బెంగళూరు పోదామా?"

"అంత దూరమైతే పని పోతాది. కడప అయితే పోతా." కాసేపాగి మళ్లీ అన్నాడు. "నువ్వు లోపలికి రావొద్దు."

"రాను. బయట కూచుంటా," అన్నాడు మామ.